చిన్న విమానంలో ఫ్యూయెల్ ట్యాంకులు: నింపడం నుంచి దిగేదాకా

పాత బజాజ్ చేతక్ నడిపినవాళ్ళకు ఇది గుర్తుండే ఉంటుంది. దారి మధ్యలో బండి నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోతే, కిందకు చెయ్యి పెట్టి పెట్రోల్ నాబ్‌ని రిజర్వ్‌కి తిప్పేవాళ్ళం. అదీ అయిపోతే బండిని ఒక పక్కకు వంచి, మూలన మిగిలిన కాస్త పెట్రోల్‌ని గొట్టం వైపు జరిపి, పెట్రోల్ బంకు దాకా ఎలాగోలా లాక్కొచ్చేవాళ్ళం. చిన్న విమానంలో ఫ్యూయెల్ సంగతి కూడా దాదాపు ఇదే. అక్కడా తిప్పడానికి ఒక నాబ్ ఉంటుంది, ఒంచితే ఫ్యూయెల్ పక్కకు జరుగుతుంది. పక్కకు ఆపుకోవడానికి మాత్రం రోడ్డు ఉండదు.

నేను టెక్సస్‌లో ప్రైవేట్ పైలట్ లైసెన్స్ తీసుకుని, ఎక్కువగా పైపర్ ఆర్చర్, అప్పుడప్పుడు సెస్నా 172 అద్దెకు తీసుకుని నడుపుతాను. ఇక్కడికి ఫ్లైయింగ్ నేర్చుకోవడానికి వచ్చే తెలుగు పిల్లలు చాలామంది. వాళ్ళతో మాట్లాడినప్పుడల్లా ఒకటి గమనిస్తాను. రేడియో గురించి, ల్యాండింగ్ గురించి ఉన్న టెన్షన్‌లో పదోవంతు కూడా ఫ్యూయెల్ గురించి ఉండదు. ట్యాంకులు నిండుగా ఉన్నాయి కదా అంటారు. ట్యాంకులో ఫ్యూయెల్ ఉండటం వేరు, అది ఇంజన్‌కి అందడం వేరు. అమెరికా రవాణా భద్రతా సంస్థ ఎన్‌టీఎస్‌బీ 2017లో ఇచ్చిన హెచ్చరిక ప్రకారం, 2011 నుంచి 2015 వరకు ఏటా సగటున 50కి పైగా ప్రమాదాలు ఫ్యూయెల్ చూసుకోకపోవడం వల్లే జరిగాయి. అందులో 56 శాతం ఫ్యూయెల్ పూర్తిగా అయిపోయినవి. 35 శాతం మాత్రం విమానంలో ఫ్యూయెల్ ఉండగానే ఇంజన్‌కి అందక ఆగినవి. ఆ 35 శాతం నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది. చెయ్యి చాపితే అందే దూరంలో పరిష్కారం ఉండి కూడా కూలిపోయినవి అందులో ఎన్నో.

ముందు మీ విమానం గొట్టాలు ఎలా వెళ్తాయో తెలుసుకోండి

విమానం హ్యాండ్‌బుక్‌లో ఫ్యూయెల్ సిస్టమ్ బొమ్మ ఉంటుంది. దాన్ని చూడటంతో ఆగకుండా, ఒకసారి కాగితం మీద మీ చేత్తో గీయండి. ట్యాంకు, గొట్టం, సెలెక్టర్ (ఏ ట్యాంకు నుంచి వాడాలో తిప్పే నాబ్), స్ట్రెయినర్ (వడపోసే జాలీ), పంపు, ఇంజన్. గీస్తేనే ఎక్కడ ఏమవుతుందో తెలుస్తుంది.

సెస్నా 172లో రెక్కలు పైన ఉంటాయి కాబట్టి ఫ్యూయెల్ నీళ్ళ ట్యాంకు నుంచి కుళాయికి వచ్చినట్టు బరువుతోనే కిందకు దిగుతుంది. అందుకే సెలెక్టర్‌లో ఎడమ, కుడితో పాటు 'బోత్' అనే స్థానం ఉంటుంది. రెండు ట్యాంకుల నుంచీ ఒకేసారి వాడుకోవచ్చు. టేకాఫ్‌కి, ల్యాండింగ్‌కి బోత్‌లోనే ఉండాలి. 172ఎస్ మోడల్‌లో మొత్తం 56 గాలన్లు పడతాయి, వాడుకోగలిగేది 53. మిగతా మూడు గాలన్లు అడుగున ఉండిపోయేవి. వాటిని లెక్కలోకి ఎప్పుడూ తీసుకోకూడదు. సెస్నా 152లో అయితే ఎడమ, కుడి అన్న ఎంపికే లేదు. తెరవడం, మూయడం, అంతే.

పైపర్ ఆర్చర్‌లో రెక్కలు కింద ఉంటాయి. ఫ్యూయెల్‌ని పైకి లాగాలంటే పంపు కావాలి. ఇంజన్‌తో తిరిగే పంపు ఒకటి, దానికి తోడుగా కరెంటు పంపు ఒకటి. ఇందులో బోత్ ఉండదు. పంపు రెండు ట్యాంకుల నుంచి ఒకేసారి లాగుతుంటే, ఒకటి ఖాళీ కాగానే అది ఫ్యూయెల్ బదులు గాలిని లాగడం మొదలుపెడుతుంది. రెండు స్ట్రాలు పెట్టి కొబ్బరినీళ్ళు తాగుతుంటే ఒక స్ట్రా బయటకు వచ్చేసినట్టు. అందుకే ఎడమా, కుడా అన్నది పైలటే తిప్పుకోవాలి. రెండు ట్యాంకుల్లో కలిపి 50 గాలన్లు, వాడుకోగలిగేది 48.

ఇంకొన్ని విమానాల్లో చిత్రమైన ఏర్పాటు ఉంటుంది. పాత బొనాంజాల్లో ఇంజన్ వాడకుండా మిగిల్చిన ఫ్యూయెల్ వెనక్కి ఎడమ ట్యాంకులోకే వెళ్తుంది. మీరు కుడి ట్యాంకు మీద నడిపినా సరే. ఎడమ ట్యాంకు నిండుగా ఉండగా కుడిది వాడితే, తిరిగొచ్చిన ఫ్యూయెల్‌కి చోటు లేక బయటకు పోతుంది. కాబట్టి ముందు ఎడమది వాడి చోటు చెయ్యాలి. ఇలాంటివి ఊహించి తెలుసుకునేవి కావు, ఆ విమానం హ్యాండ్‌బుక్‌ చదవాల్సిందే.

గాలన్లను గంటల్లోకి మార్చండి

ఫ్యూయెల్‌ని గాలన్లలో ఆలోచించడం మానేసి, గంటలూ నిమిషాల్లో ఆలోచించడం అలవాటు చేసుకోండి. ఒక నిజమైన దారి తీసుకుందాం. డల్లాస్ పక్కన డెంటన్ నుంచి సముద్రం ఒడ్డున ఉన్న గాల్వెస్టన్‌కి దాదాపు 265 నాటికల్ మైళ్ళు. ఆర్చర్ 115 నాట్ల వేగంతో, అంటే గంటకు 115 నాటికల్ మైళ్ళు వెళ్తుంది, గంటకు 10 గాలన్లు తాగుతుంది అనుకుందాం.

ఆర్చర్ ట్యాంకు మూతి లోపల ఒక రేకు ముక్క ఉంటుంది. దాని అడుగు దాకా నింపితే ఒక్కో ట్యాంకులో సుమారు 17 గాలన్లు ఉన్నట్టు. నలుగురు ఎక్కుతున్నప్పుడు బరువు తగ్గించడానికి అక్కడిదాకానే నింపుకుంటాం. రెండూ కలిపి 34. ట్యాక్సీకి (నేల మీద రన్‌వే దాకా నడపడానికి), పైకి ఎక్కడానికి 2 గాలన్లు తీసేస్తే 32, అంటే 3 గంటల 12 నిమిషాలు. గాలి లేకపోతే ప్రయాణం 2 గంటల 18 నిమిషాలు. దిగేసరికి 54 నిమిషాలకు సరిపడా మిగులుతుంది. బాగానే ఉంది.

ఇప్పుడు ఎదురుగాలి 20 నాట్లు పెట్టండి. గాల్వెస్టన్ వైపు వెళ్తుంటే దక్షిణం నుంచి ఆ మాత్రం గాలి టెక్సస్‌లో మామూలే. నేల మీద వేగం 95 నాట్లకు పడిపోతుంది. ప్రయాణం 2 గంటల 47 నిమిషాలు. మిగిలేది 25 నిమిషాలు. పగటిపూట, కంటిచూపుతో ఎగిరేటప్పుడు గమ్యం చేరాక ఇంకా 30 నిమిషాలకు సరిపడా ఉండాలని, రాత్రిపూట అయితే 45 నిమిషాలకని అమెరికా నియమం. అంటే ఒక మామూలు ఎదురుగాలి, బాగుందనుకున్న లెక్కని చట్టం ఒప్పుకోని లెక్కగా మార్చేసింది. ట్యాంకులు నిండా నింపుకుంటే అదే గాలిలో దాదాపు గంటా యాభై నిమిషాలు మిగులుతుంది, కాకపోతే 14 గాలన్ల బరువు అదనం. ఏవ్‌గ్యాస్ (చిన్న విమానాల పెట్రోల్) గాలన్‌కి ఆరు పౌండ్లు కాబట్టి 84 పౌండ్లు, మన లెక్కలో 38 కిలోలు. ఆ బరువు కుదరకపోతే దారిలో ఒకచోట దిగి నింపుకోవాలి. నేనైతే గంటకు తక్కువ మిగిలేలా ఎప్పుడూ బయల్దేరను. చట్టం చెప్పిన అరగంట కనీసం మాత్రమే. అనుకున్న రన్‌వే మీద ఎవరిదో టైరు పేలి మూసేస్తే ఆ అరగంట ఎంతసేపూ రాదు.

హ్యాండ్‌బుక్‌లో రాసిన వాడకం, మిక్స్చర్‌ని, అంటే గాలిలో కలిసే ఫ్యూయెల్ పాలుని, పద్ధతిగా తగ్గించి నడిపినప్పటిది. దాని ఎర్ర నాబ్‌ని పూర్తిగా లోపలికి నొక్కి ఉంచేసి క్రూజ్ చేస్తే, అంటే ఒకే ఎత్తులో నిలకడగా వెళ్తే, ఆ అంకెలు పనికిరావు.

విమానం చుట్టూ తిరిగేటప్పుడు

ఇక్కడ తొందర వద్దు. కాక్‌పిట్‌లోని గేజ్‌లను నమ్మి ఎవరూ బయల్దేరకూడదు. చిన్న విమానాల్లో చాలావాటికి గేజ్ అంటే ట్యాంకులో తేలే బెండు, దానికో తీగ, అంతే. కుదుపులో ముల్లు ఊగుతుంది, పక్కకు ఒరిగితే అబద్ధం చెబుతుంది. మూత తీసి కళ్ళతో చూడండి, డిప్‌స్టిక్‌తో కొలవండి.

డిప్‌స్టిక్ ఆ విమానానికి చెందినదే అయి ఉండాలి. ఒక మోడల్ పుల్లతో ఇంకో మోడల్ కొలిస్తే అంకె తప్పొస్తుంది. నేల సమంగా ఉన్నచోట, పుల్లని నిట్టనిలువుగా అడుగు తగిలేదాకా దించి, వెంటనే పైకి తీసి చూడాలి. ఎండలో పుల్ల మీద తడి గీత రెండు మూడు క్షణాలే కనబడుతుంది. మీరు చూస్తుండగానే ఆరిపోయి కిందకు జారుతుంది. అనుమానం వస్తే తుడిచి మళ్ళీ దించండి. చూసిన అంకెని అక్కడే రాసుకోండి, లోపలికి వెళ్ళాక గుర్తుచేసుకుందాం అనుకోవద్దు.

తర్వాత డ్రెయిన్లు. ఫ్యూయెల్ కంటే నీళ్ళు బరువు. రాత్రి చల్లబడినప్పుడు సగం ఖాళీ ట్యాంకు గోడలకు పట్టిన చెమ్మ, మూత సందులోంచి దిగిన వాన నీళ్ళు, అన్నీ అడుగుకే చేరతాయి. అందుకే అట్టడుగున డ్రెయిన్లు, అంటే వాటిని బయటకు తీసే చిన్న వాల్వులు, పెట్టారు. కొత్త 172ల్లో ఇవి ఏకంగా 13. ఒక్కో రెక్క కింద అయిదు, పొట్ట కింద మూడు. పదమూడూ తియ్యాలా అని అడుగుతారు. తియ్యాలి. నింపిన వెంటనే కాకుండా, నీళ్ళు అడుగుకు దిగడానికి కాస్త సమయం ఇచ్చి తియ్యాలి.

శాంపిల్ కప్పుని కిందనుంచి నొక్కి పట్టుకుంటే చల్లటి ఫ్యూయెల్ వేళ్ళ మీదుగా కారుతుంది. కప్పుని విమానం తెల్ల రంగు పక్కన పెట్టి చూడండి. 100ఎల్ఎల్ అనే, తక్కువ సీసం ఉన్న ఏవ్‌గ్యాస్ లేత నీలం రంగులో ఉంటుంది. నీళ్ళుంటే కప్పు అడుగున ఒక బొట్టు ముత్యంలా గుండ్రంగా నిలబడి, కప్పుని వంచితే విడిగా దొర్లుతుంది. అది కనబడితే పారబోసి, పూర్తిగా నీలమే వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ తియ్యండి. ఒక్క ప్రమాదం ఉంది. కప్పు నిండా నీళ్ళే వస్తే బొట్టు కనబడదు, తేటగా, శుభ్రంగా కనబడుతుంది. అందుకే రంగు చూడాలి, వాసన చూడాలి. నీలం లేకపోతే ఆగిపోండి. సీసం లేని కొత్త ఫ్యూయెళ్ళు ఇప్పుడు కొన్ని ఎయిర్‌పోర్టుల్లోకి వస్తున్నాయి. వాటికి ఈ నీలం గుర్తు పనిచెయ్యదు. మీ విమానానికి వాటి వాడకానికి అనుమతి ఉందో లేదో, దేనితో దేన్ని కలపకూడదో ముందే తెలుసుకోవాలి.

మూతలు చేత్తో తిప్పి బిగుసుకున్నాయో లేదో చూడండి. ఎగిరేటప్పుడు రెక్క పైభాగంలో పీడనం తక్కువ. మూత వదులుగా ఉన్నా, దాని రబ్బరు రింగు పాడైనా, గాలి ఫ్యూయెల్‌ని జుర్రేస్తుంది. దిగాక చూస్తే మూత వెనక రెక్క మీద నీలం చార కనబడుతుంది. చివరగా వెంట్ గొట్టం. 172లో అది ఎడమ రెక్క కింద ఉంటుంది. కందిరీగలకు అది బంగారం లాంటి ఇల్లు. మట్టితో మూసేస్తే ట్యాంకులోకి గాలి వెళ్ళదు, గాలి వెళ్ళకపోతే ఫ్యూయెల్ బయటకు రాదు. నూనె డబ్బాకి ఒక్కటే చిల్లు పెడితే ధార ఆగిపోవడం అందరికీ తెలిసిందే.

నింపించేటప్పుడు దగ్గర నిలబడండి

మూత తీయకముందే ఎర్తింగ్ వైరు విమానానికి తగిలించారా అన్నది మొదట చూడాలి. ట్యాంకు మూతి పక్కన రాసిన ఫ్యూయెల్ రకం, నింపే బండి మీద రాసింది ఒకటేనా అన్నది తర్వాత. పెట్రోల్ ఇంజన్‌లో జెట్ ఫ్యూయెల్ పడితే నేల మీద ఇంజన్ స్టార్ట్ అవుతుంది, ట్యాక్సీ చేస్తుంది. గొట్టాల్లో మిగిలిన మంచి ఫ్యూయెల్ అయిపోయాక, అంటే టేకాఫ్ సమయంలో, చేతులెత్తేస్తుంది. చూడటానికి ఒకేలా ఉండే డైమండ్ డీఏ40ల్లో కొన్ని ఏవ్‌గ్యాస్‌వి, కొన్ని జెట్ ఫ్యూయెల్‌వి. మన దేశంలోని శిక్షణ సంస్థల్లో రెండు రకాల విమానాలూ ఉంటాయి కాబట్టి అక్కడ నేర్చుకునేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అనుమానం వస్తే తెల్ల కాగితం మీద ఒక చుక్క వెయ్యండి. ఏవ్‌గ్యాస్ ఇట్టే ఆరిపోతుంది. జెట్ కలిసి ఉంటే జిడ్డు మరక నిలుస్తుంది, బజ్జీ పొట్లం కాగితంలా.

మన దేశానికి ఏవ్‌గ్యాస్ చాలా ఏళ్ళు దిగుమతే దిక్కు. 2022 సెప్టెంబర్‌లో ఇండియన్ ఆయిల్ సొంతంగా గుజరాత్ రిఫైనరీలో తయారైన 100ఎల్ఎల్‌ని విడుదల చేసింది.

కొలతల విషయంలోనూ ఒక మాట. అమెరికా గాలన్ 3.785 లీటర్లు, బ్రిటిష్ గాలన్ 4.546 లీటర్లు. ఇండియాలో బిల్లు లీటర్లలో వస్తుంది, విమానం గేజ్ గాలన్లలో ఉంటుంది. మార్చేటప్పుడు ఏ గాలన్ అన్నది చూసుకోండి.

స్టార్ట్ చేసినప్పటి నుంచి టేకాఫ్ దాకా

ఆర్చర్ లాంటి విమానంలో నేను ఇలా చేస్తాను. ఒక ట్యాంకు మీద స్టార్ట్ చేసి, దాని మీదే ట్యాక్సీ చేస్తాను. రన్‌అప్ (టేకాఫ్‌కి ముందు ఇంజన్ పరీక్ష) చేసే చోటికి రాగానే, టేకాఫ్‌కి వాడబోయే ట్యాంకుకి మారుస్తాను. అది రెంటిలో ఎక్కువ ఉన్నది అయి ఉండాలి. రన్‌అప్ మొత్తం దాని మీదే చేసి, ఇక సెలెక్టర్‌ని ముట్టుకోకుండా టేకాఫ్ తీసుకుంటాను. దీనివల్ల రెండు ట్యాంకుల నుంచీ ఫ్యూయెల్ వస్తోందని నేల మీదే తేలిపోతుంది.

రన్‌అప్ అయిపోయాక, సరిగ్గా రన్‌వే ఎక్కబోతూ ట్యాంకు మార్చడం మహా ప్రమాదం. కొత్త ట్యాంకు నుంచి ఫ్యూయెల్ రాకపోయినా, గొట్టంలో మిగిలినదానితో ఇంజన్ కాసేపు మామూలుగానే నడుస్తుంది. సరిగ్గా చెట్ల మీదికి లేచేసరికి ఆగుతుంది.

గాల్లో ట్యాంకు మార్చడం

అరగంటకోసారి మార్చడం నా పద్ధతి. గుర్తుపెట్టుకోవడానికి పైలట్లు వాడే తేలిక ఉపాయం ఒకటుంది. గడియారంలో నిమిషాల ముల్లు కుడి సగంలో ఉంటే కుడి ట్యాంకు, ఎడమ సగంలో ఉంటే ఎడమ ట్యాంకు. దానితో పాటు టైమర్ కూడా పెడతాను.

నాకు ఈ అలవాటు ఊరికే రాలేదు. లైసెన్స్ వచ్చిన కొత్తలో ఒంటరిగా వస్తున్నాను. దారిలో మబ్బులు తప్పించుకోవడం, కంట్రోలర్‌తో మాటలు, ఫ్రీక్వెన్సీ మార్పులు. ఎడమ అరచెయ్యి నొప్పిగా అనిపించి కిందకు చూసుకుంటే, యోక్‌ని (విమానం స్టీరింగ్‌ని) తెలియకుండానే ఎడమకు నొక్కి పట్టుకుని ఉన్నాను. విమానం కుడికి ఒరగాలని చూస్తోంది, నేను ఆపుతున్నాను. ఎందుకా అని గేజ్‌లు చూశాను. గంటా ఇరవై నిమిషాలు ఎడమ ట్యాంకు మీదే ఉన్నాను. ఎడమ రెక్క ఎనభై పౌండ్లు తేలికైపోయింది. ఇంజన్ ఒక్కసారి కూడా తడబడలేదు, ఇంకా పది గాలన్లు ఉన్నాయి. కానీ ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక అన్నం సహించలేదు. మరో గంట అలాగే గడిచి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. చెయ్యి బరువెక్కడం అనే ఆ సంకేతాన్ని అప్పటి నుంచి ఎప్పుడూ వదల్లేదు.

మార్చే వరస ఇది. ముందు కిందకు చూసి, ఇంజన్ ఆగితే దిగగలిగే చోటు ఉందో లేదో చూసుకోండి. అడవి మీదో, చెరువు మీదో ఉంటే రెండు నిమిషాలు ఆగండి. కరెంటు పంపు ఆన్ చెయ్యండి. సెలెక్టర్ మీద చెయ్యి వేసి, కళ్ళతో చూస్తూ తిప్పండి. ఆర్చర్‌లో అది మీ ఎడమ మోకాలి దగ్గర గోడకు ఉంటుంది. సరైన స్థానంలోకి వెళ్ళినప్పుడు గాట్లో పడ్డట్టు వేళ్ళకు తెలుస్తుంది. మధ్యలో ఆగితే ఏ ట్యాంకూ సరిగా తెరుచుకోదు. ఫ్యూయెల్ ప్రెజర్ చూడండి. కాసేపు ఆగి పంపు ఆపి, మళ్ళీ ప్రెజర్ చూడండి. టైము రాసుకోండి. ఆ రెండు మూడు నిమిషాలు మ్యాపు మడవడం, నీళ్ళు తాగడం లాంటి పనులేవీ పెట్టుకోవద్దు.

సెలెక్టర్ చేతికి అందడం ఎంత ముఖ్యమో జాన్ డెన్వర్ మరణం చెబుతుంది. ఆ గాయకుడు 1997 అక్టోబర్ 12న కాలిఫోర్నియాలోని మాంటెరీ నుంచి తన లాంగ్-ఈజెడ్ విమానంలో (డిజైన్ చూసి సొంతంగా కట్టుకునే రకం) ఒంటరిగా ఎగిరి సముద్రంలో కూలిపోయారు. ఆ విమానాన్ని కట్టినవాళ్ళు సెలెక్టర్‌ని డిజైన్‌లో చెప్పినచోట కాకుండా పైలట్ ఎడమ భుజం వెనక పెట్టారు. తిప్పాలంటే ఒళ్ళు మొత్తం వెనక్కి తిప్పాలి. అలా తిరిగే ప్రయత్నంలో కుడి రడ్డర్ పెడల్ కాలి కింద నొక్కుకుపోయి విమానం అదుపు తప్పిందని ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. బయల్దేరే ముందు ఫ్యూయెల్ నింపమంటారా అని అడిగితే ఆయన వద్దన్నారు. కొత్త విమానం ఎక్కినప్పుడు బెల్టు పెట్టుకుని, సీటు మీకు సరిపడా జరుపుకుని, నేల మీదే సెలెక్టర్‌ని అన్ని స్థానాలకూ తిప్పి చూడండి. అందకపోతే ఆ రోజు ఎగరొద్దు.

దిగేముందు

ఎయిర్‌పోర్టు సర్క్యూట్‌లోకి (దిగడానికి రన్‌వే చుట్టూ తిరిగే దారిలోకి) వెళ్ళకముందే, ఎత్తులో ఉండగానే, ఎక్కువ ఉన్న ట్యాంకుకి మారిపోండి. వెయ్యి అడుగుల కింద సెలెక్టర్ జోలికి వెళ్ళను.

స్కూటర్ వంచిన సంగతి ఇక్కడ మళ్ళీ గుర్తుచేసుకోవాలి. ట్యాంకులో ఫ్యూయెల్ తక్కువగా ఉన్నప్పుడు విమానాన్ని చాలాసేపు పక్కకు జార్చి దింపితే, ఫ్యూయెల్ గొట్టం మూతికి దూరంగా ఒక పక్కకు పోతుంది. స్కూటర్‌ని వంచి గొట్టం వైపు తెచ్చుకున్నాం, ఇక్కడ వంచి దూరం చేసుకుంటాం. 172లో ఒకే ట్యాంకు మీద ఉండి అందులో పావు వంతో, అంతకంటే తక్కువో ఉన్నప్పుడు అలా ఎక్కువసేపు జార్చకూడదని హ్యాండ్‌బుక్‌లోనే నిషేధం ఉంది.

ఇంజన్ ఆగితే

మొదట ముక్కు దించి గ్లైడ్ స్పీడ్‌కి (ఇంజన్ లేకుండా తేలుతూ వెళ్ళే వేగానికి) తెచ్చుకోండి. ఆర్చర్‌కి 76 నాట్లు, 172ఎస్‌కి 68. దిగే చోటు వైపు తిరగండి. వెంటనే చెయ్యి సెలెక్టర్ మీదికి వెళ్ళాలి, రెండో ట్యాంకుకి. కరెంటు పంపు ఆన్, మిక్స్చర్ రిచ్ (ఎర్ర నాబ్ పూర్తిగా లోపలికి), ఆర్చర్‌లా కార్బ్యురేటర్ ఉన్న ఇంజన్ అయితే కార్బ్యురేటర్ హీట్ కూడా ఆన్. ట్యాంకు ఖాళీ అయి ఆగి ఉంటే, గొట్టాలు మళ్ళీ నిండటానికి పది సెకన్ల దాకా పట్టొచ్చు. ఆ పది సెకన్లూ చాలా పొడుగ్గా ఉంటాయి. రావట్లేదని కంగారుపడి మళ్ళీ పాత ట్యాంకుకి తిప్పేస్తే మొదటికొస్తుంది. ఓపిక పట్టాలి, ఆ ఓపికలో కూడా విమానాన్ని నడుపుతూనే ఉండాలి. ఇంజన్ నడుస్తుండగానే, సెలెక్టర్‌ని తిప్పకుండా చెయ్యి పెట్టి ఈ వరసని నెలకోసారైనా అభ్యాసం చేస్తాను.

దిగాక

172ని ఏటవాలు చోట నిలిపితే సెలెక్టర్‌ని ఎడమకో, కుడికో పెట్టండి. బోత్‌లో వదిలేస్తే పై ట్యాంకు నుంచి కింది ట్యాంకులోకి ఫ్యూయెల్ జారిపోతుంది. మర్నాడు వచ్చేసరికి ఒకటి నిండుగా, ఇంకోటి వెలితిగా కనబడుతుంది.

నా దగ్గర ఒక చిన్న డైరీ ఉంది. ప్రతి ఫ్లైట్ తర్వాత నింపించినప్పుడు ఏ ట్యాంకులో ఎన్ని గాలన్లు పట్టాయో రాసి, దాని పక్కన ఆ ట్యాంకు మీద ఎన్ని నిమిషాలు నడిపానో రాస్తాను. హ్యాండ్‌బుక్ గంటకు 10 అన్నా, నేను నడిపే ఆర్చర్ నా చేతిలో 10.5 దాకా తాగుతోందని ఆ డైరీయే చెప్పింది. అప్పటి నుంచి లెక్కలన్నీ 11తో వేస్తున్నాను. పోయిన నెల ఎడమ ట్యాంకులో లెక్క కంటే రెండు గాలన్లు ఎక్కువ పట్టింది. మూత తీసి చూస్తే రబ్బరు రింగు ఒకచోట చిట్లి ఉంది.